నిండుగానే ఉన్న చెంబు: తుంటి ఆపరేషన్ తర్వాత ఒక ఇంట్లో ఐదు నెలలు

నేను ఫిజియోథెరపిస్టుని. తిరుపతి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, ఆపరేషన్ అయిన వాళ్లను ఇంట్లోనే నడిపించే పని చేస్తాను. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఈ ఒక్క కేసు గురించి వివరంగా రాయడానికి కారణం, ఇందులో దాదాపు రెండు వారాలు నేను చూడాల్సిన చోట చూడకపోవడమే. ఎముక బాగుంది, ఆపరేషన్ బాగుంది, ఇంట్లో వాళ్లకు ప్రేమ ఉంది. అయినా మనిషి మంచం దిగలేదు. ఎందుకు దిగలేదో తెలుసుకునేసరికి విలువైన రోజులు పోయాయి.

కుటుంబం అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, ఆసుపత్రి పేరు చెప్పను. గుర్తుపట్టడానికి వీలయ్యే కొన్ని వివరాలు మార్చాను. ఆమెను పెద్దమ్మ అంటాను, నేను పిలిచిందీ అలాగే.

నేపథ్యం

పెద్దమ్మ వయసు 67. తిరుపతికి గంట దూరంలో పల్లె. రెండు ఎనుములు, కొంచెం మామిడి తోపు, వానలు పడితే చెనిక్కాయ పైరు. భర్తకు డెబ్బై దాటాయి, చూపు తగ్గింది. కొడుకు టాక్సీ డ్రైవరు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. కోడలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు. పెద్దమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతోంది. దెబ్బ తగిలే ముందు రోజు దాకా తెల్లవారుజామున తానే పాలు పితికి, క్యాను పట్టుకుని రోడ్డు దాటి పాలకేంద్రానికి పోసి వచ్చేది.

ఆ రోడ్డు దాటేటప్పుడే బైకు గుద్దింది. కుడి తుంటి మీద పడింది, ఎడమ చెయ్యి ఆనించింది. కొడుకు వచ్చేసరికి కుడి కాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. పెద్దవాళ్లు పడ్డాక కాలు ఇలా కనిపిస్తే తుంటి విరిగిందనే అనుకోవాలి, లేపి నిలబెట్టే ప్రయత్నం చేయకూడదు. అతను చేయలేదు. 108కి ఫోన్ చేసి, కదపకుండా పడుకోబెట్టాడు. తిరుపతి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి తొడ ఎముక మెడ, అంటే పైనున్న గుండ్రటి తలకు కింద సన్నగా ఉండే భాగం, విరిగి ముక్క పక్కకు జరిగింది. ఎడమ మణికట్టు కూడా విరిగింది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో జరిగిన చర్చ నాకు తర్వాత కొడుకే చెప్పాడు. మన వైపు ఎవరికి ఎముక విరిగినా ముందు వచ్చే మాట పుత్తూరు. బంధువుల్లో ఇద్దరు పెద్దవాళ్లు "కోత వద్దు, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అని పట్టుబట్టారు. తరతరాలుగా జనం నమ్మిన కట్టు అది, చులకనగా మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ తుంటి సంగతి వేరు. ఆ కీలు కండల లోపల లోతుగా ఉంటుంది. పైన ఎన్ని బద్దలు పెట్టి కట్టినా లోపలి ముక్క కదలకుండా పట్టుకోవడం కుదరదు. ఇంకో సంగతి రక్తం. తొడ ఎముక తలకు రక్తం చాలావరకు ఆ మెడ మీదుగానే వెళ్తుంది. మెడ విరిగి ముక్క జరిగితే ఆ దారి తెగిపోతుంది. మామిడి తోపులు ఉన్నవాళ్లకు నేను ఇలా చెప్తాను: తొడిమ తెగిన కాయను మళ్లీ కొమ్మకు కట్టినా అది ఊరదు. అందుకే ఈ వయసులో, ముక్క జరిగిపోయినప్పుడు, ఆ తలను అతికించే ప్రయత్నం చేయకుండా తీసేసి లోహపు తల పెడతారు. ఆపరేషన్ మానేసి వారాల తరబడి పడుకోబెడితే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, వీటిలో ఏదో ఒకటి మనిషిని తీసుకుపోవచ్చు.

కొడుకు ఆపరేషన్‌కే సంతకం పెట్టాడు. రెండో రోజు సగం కీలు మార్పిడి జరిగింది, డాక్టర్లు బైపోలార్ అనేది. సిమెంటు పెట్టి బిగించారు కాబట్టి మర్నాటి నుంచే కాలి మీద బరువు వేయొచ్చన్నారు. మణికట్టుకు పిండికట్టు.

ఆపరేషన్ తర్వాత రెండు రాత్రులు పెద్దమ్మ తికమకపడింది. ఆసుపత్రి మంచం మీద నుంచే "ఎనుముని కట్టేసినారా, దూడ తాగేస్తాది" అని కేకలు పెట్టింది. కొడుకుని గుర్తుపట్టలేదు. గాలి సోకిందని ఒకరు, మతి పోయిందని ఒకరు. నిజానికి తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఇది తరచూ కనిపించేదే. నొప్పి, మత్తుమందు, నిద్ర లేకపోవడం, కొత్త చోటు, అన్నీ కలిసి వస్తుంది, చాలామందిలో కొన్ని రోజుల్లో తగ్గుతుంది. కళ్లజోడు తెచ్చి పెట్టడం, తెలిసిన మొహం పక్కన ఉండటం, పగలు వెలుతురులో మాట్లాడించడం, రాత్రి దీపాలు తగ్గించడం, ఇవే ముఖ్యమైన సాయం. నర్సు చెప్తే కోడలు అలాగే చేసింది. మూడో రోజుకు తేరుకుంది. కానీ ఆ కేకల సంగతి ఎవరో ఆమెకే చెప్పారు. దానికి సిగ్గుపడింది. ఆ సిగ్గు తర్వాతి కథలో పనిచేసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

నేను వెళ్లేసరికి

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజున మొదటిసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. పెద్దమ్మ నులక మంచం మీద ఉంది. నులక వదులై మధ్యలో గుంట పడింది, ఆ గుంటలో తుంటి కిందికి దిగి మోకాళ్లు పైకి లేచి ఉన్నాయి. ఆమెకు కీలు వెనక వైపు నుంచి కోసి పెట్టారు. అలాంటప్పుడు మొదటి కొన్ని వారాలు తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆపరేషన్ కాలిని లోపలికి తిప్పకూడదు. వంగితే, మెలితిరిగితే కొత్త తల, అది కూర్చునే తుంటి గిన్నెలోంచి జారిపోవచ్చు. ఆ మంచం మీద లేచి కూర్చునే ప్రతిసారీ 90 దాటుతోంది. ముందు ఆ మంచం మార్పించాను. చెక్క మంచం తెప్పించి, కాళ్ల కింద ఇటుకలు పెట్టించి, కూర్చుంటే మోకాళ్ల కంటే తుంటి కొంచెం ఎత్తులో ఉండేలా చేశాం. పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు. సడన్‌గా భరించలేని నొప్పి వచ్చి, కాలు పొట్టిగా అయి లోపలికి తిరిగితే కీలు జారిందని అర్థం, లేపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని అందరికీ చెప్పాను.

కోడలు అత్తను ఎలా లేపుతోందో చూశాను. ముందు నిలబడి, రెండు చంకల కింద చేతులు పెట్టి, బలమంతా పెట్టి ఎత్తుతోంది. పెద్దమ్మ మెడ పట్టుకుని వేలాడుతోంది. రోజుకు ఏడెనిమిది సార్లు.

తిండి పత్యం. గుడ్డు పెడితే చీము పడుతుందన్నారు, చెనిక్కాయలు, పప్పు, వంకాయ వద్దన్నారు. అన్నం, చారు, బ్రెడ్డు, అంతే. కండ కట్టుకోవడానికి ఏ తిండి కావాలో సరిగ్గా అదే ఆపేశారు. షుగర్ మనిషికి తెల్లన్నం, బ్రెడ్డు మాత్రం పెడుతున్నారు. దీని మీద వాదించకుండా, డిశ్చార్జి కాగితంలో ఆహారం గురించి రాసింది కొడుకు చేత అందరి ముందు చదివించాను. గుడ్లు, పప్పు, పెరుగు, మధ్యాహ్నం రాగి సంగటి మొదలయ్యాయి. ఈ ఒక్కటి తేలికగా అయిపోయింది.

ఏం చేశాను, ఏది పనిచేయలేదు

మొదటి చిక్కు చేతికర్ర లెక్క. కుడి తుంటికి దెబ్బ తగిలితే కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలి. అడుగు వేసేటప్పుడు తుంటి పక్క కండరం మోయాల్సిన బరువును ఎదుటి చేతిలోని కర్ర పంచుకుంటుంది. ఆమెకు విరిగింది సరిగ్గా ఆ ఎడమ చెయ్యే. వాకర్ అయినా రెండు చేతులూ గట్టిగా పట్టుకోవాలి. మణికట్టు మీద బరువు పడకూడదు. అలాగని ఆరు వారాలు కట్టు విప్పేదాకా ఆగితే కాళ్లలో కండ కరిగిపోతుంది. సర్జన్‌కి ఫోన్ చేసి, మోచేతి మీద బరువు వేయొచ్చా అని అడిగాను. వేయొచ్చన్నారు. వాకర్ ఎడమ కమ్మీ మీద ముంజేయి పడుకోబెట్టేలా ఒక చెక్కను వెల్డింగ్ షాపులో బిగించి, పైన స్పాంజి, దాని మీద పాత దుప్పటి ముక్క చుట్టించాను. ముంజేతిని రెండు పట్టీలతో వదులుగా కట్టేవాళ్లం. కుడిచేత్తో మామూలు పట్టు. అది బాగా పనిచేసింది.

మంచం దిగే పద్ధతి కోడలికి నేర్పాను. చంకల కింద చేతులు వద్దు. పెద్దమ్మే మంచం అంచుకు జరగాలి, ఆపరేషన్ కాలు ముందుకు చాపాలి, కుడిచేత్తో మంచాన్ని నొక్కి, మంచి కాలి బలంతో లేవాలి. కోడలు పక్కన నిలబడి, నడుముకు చుట్టిన తుండుగుడ్డను వెనక పట్టుకుంటే చాలు. ఆ గుడ్డ పడిపోకుండా చూసుకోవడానికే, ఎత్తడానికి కాదు.

తర్వాత ఎనిమిది వ్యాయామాలు కాగితం మీద రాసి, బొమ్మలు గీసి, ఒక్కొక్కటీ పదేసి సార్లు, రోజుకు మూడుసార్లు అని గోడకు అంటించాను. పాదం ఆడించడం, మోకాలి కింద దిండు నొక్కడం, పిరుదులు బిగించడం, మడమ జరపడం, ఇలాంటివి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే కాగితం అక్కడే ఉంది. ఎవరూ ఏమీ చేయలేదు.

"చేసినారా పెద్దమ్మా?"

"చేస్తా ఉండాను నాయనా." చూపు పక్కకు తిప్పేసింది.

నేను కోడలిని గట్టిగా అడిగాను. ఆమె ఏమీ అనలేదు, గిన్నెలు తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆ పిల్ల దినచర్య నేను అప్పటికి అడగనే లేదు. తెల్లారి నాలుగున్నరకు పాలు, ఆరింటికి పాలకేంద్రం, పిల్లల క్యారేజీలు, అత్తకు స్నానం, మామకు అన్నం, మళ్లీ సాయంత్రం పాలు. అందులో రోజుకు 240 కదలికలు లెక్కపెట్టే తీరిక ఎక్కడుంది? నా కాగితం ఆసుపత్రి హాలుకు రాసింది, ఆ ఇంటికి రాసింది కాదు.

బంధువులు చూడటానికి వచ్చిన ప్రతిసారీ "మూడు నెలలు కదలొద్దు" అని చెప్పి పోతున్నారు. నేను వచ్చి నడవమంటాను. పెద్దమ్మకు ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. ఎక్స్‌రే చూపించి, సిమెంటు బిగిసిపోయిందని, నడిస్తే ఊడదని వివరించాను. తలూపింది. కానీ నిలబెడితే రెండు అడుగులకే "కళ్లు తిరగతా ఉండాయి" అని కూర్చుండిపోతుంది. నేను దాన్ని భయం అనుకున్నాను. పడిన వాళ్లకు మళ్లీ పడతామనే భయం ఉండటం మామూలే కాబట్టి, ధైర్యం చెప్తూ పోయాను. ఇది నేను చేసిన పెద్ద తప్పు. భయం ఉన్న మాట నిజమే. కానీ కళ్లు తిరగడానికి వేరే కారణం ఉందేమో అని ఆ రోజే బీపీ చూడాల్సింది.

పంతొమ్మిదో రోజు

ఆ రోజు వెళ్లేసరికి కుడి పిక్క వాచి ఉంది. టేపుతో కొలిస్తే ఎడమ పిక్క కంటే మూడు సెంటీమీటర్లు ఎక్కువ. నొక్కితే నొప్పి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రల గురించి అడిగాను. షీటు అయిపోయిందని పదిహేనో రోజుకే ఆపేశారు. కోర్సు అయిపోయిందనుకున్నారు. తుంటి ఆపరేషన్ తర్వాత ఆ మందు 35 రోజుల దాకా వాడిస్తారు. చీటీలో ఉన్న రోజుల లెక్క ఎవరూ చదవలేదు, నేనూ చూడలేదు.

వాపు చాలావరకు రోజంతా కాలు కిందికి వేలాడేసి కూర్చోవడం వల్ల వచ్చినట్టే అనిపించింది. గుండెనొప్పి లేదు, ఆయాసం లేదు. అయినా ఆ రోజు వ్యాయామం చేయించలేదు, పిక్క మర్దన చేయనివ్వలేదు, కాలి రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్‌కి ఆ సాయంత్రమే పంపాను. గడ్డ ఉంటే మర్దన వల్ల అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. లేకపోతే ఒక ప్రయాణం, ఒక స్కాను ఖర్చు. ఈ రెంటినీ తక్కెడలో పెడితే ఏది బరువో ఆలోచించే పనే లేదు.

స్కాన్‌లో గడ్డ లేదు. డాక్టరు మందు మళ్లీ మొదలుపెట్టారు. కానీ ఇంట్లో నా మీద కోపం వచ్చింది. డ్యూటీ మానుకుని, అమ్మను కారులో అంత దూరం తిప్పి, ఏమీ లేదనిపించుకుని వచ్చామని కొడుకు బాధపడ్డాడు. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. నేను వెళ్లి కూర్చుని, నాకు అనుమానం ఎందుకొచ్చిందో, మాత్రలు ఆగిపోయిన సంగతి ఎలా బయటపడిందో చెప్పాను. "ఇలాంటి వాపే మళ్లీ కనపడితే మళ్లీ పంపుతాను" అని కూడా చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత మందుల షీట్లన్నీ తెచ్చి ముందు పెట్టి, ఏది ఎన్ని రోజులో రాసివ్వమన్నాడు.

చెంబు

ఇరవై నాలుగో రోజున ఉదయం ఒక పని మీద ఆ ఊరి వైపు పోతూ, ఎప్పుడూ సాయంత్రం వెళ్లేవాణ్ని పొద్దున్నే వెళ్లాను. మంచం పక్కన స్టూలు మీద ఇత్తడి చెంబు, పైన గ్లాసు బోర్లించి ఉంది. కోడలు అప్పుడే నీళ్లు పోసి పెట్టింది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఆగాను. గ్లాసు తీసి చూస్తే చెంబు అంచు దాకా అలాగే ఉంది. నీళ్ల మీద ఒక చిన్న నలుసు తేలుతోంది. వేసవి మొదలైన రోజులు, రేకుల ఇల్లు.

మంచం పక్కన కింద కూర్చుని అడిగాను. "పెద్దమ్మా, పొద్దన్నుంచి నీళ్లు తాగలేదా?"

చాలాసేపు చెప్పలేదు. కోడలు పాల పనికి వెళ్లిందని తెలిసాక మెల్లగా అంది: "తాగితే పోవాల గదా నాయనా. పోవాలంటే ఆ పిల్లని పిలవాల. ఎన్నిసార్లని ఎత్తతాది? దానికీ నడుము పట్టేసింది, నాకు తెలీదా?"

మరుగుదొడ్డి పెరట్లో ఉంది, కింద కూర్చునే రకం. ఆమె దాని మీద కూర్చోకూడదు కాబట్టి మంచం మీదే బెడ్‌పాన్ పెడుతున్నారు. పిల్లలు తిరిగే గదిలో, తలుపు లేని గదిలో. నీళ్లు తాగకపోతే ఆ అవసరం రోజుకు రెండుసార్లకు తగ్గుతుంది. మలబద్ధకం, మూత్రంలో మంట కూడా ఉన్నాయని అప్పుడు చెప్పింది. వారం నుంచి ఉన్నాయట.

బీపీ పడుకున్నప్పుడు చూశాను, 138. నిలబడ్డాక చూస్తే 112. లేచాక పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే కళ్లు తిరగడం సహజం. అది పిరికితనం కాదు. ఒంట్లో నీళ్లు లేవు. ఆ పైన బీపీ మాత్ర పాత డోసులోనే నడుస్తోంది. నేను రెండు వారాలు ఎవరికి ధైర్యం చెప్పాను?

డాక్టరుకి చూపించారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి మందు ఇచ్చారు, బీపీ మాత్ర డోసు తగ్గించారు. అది వైద్యుల పని, మూడు రోజుల్లో అయింది. మిగతాది ఇంట్లో జరగాల్సింది.

పనిచేసినవి

కమోడ్ కుర్చీ తెప్పించాం. కాళ్లు పెంచుకునే రకం, మోకాళ్ల కంటే ఎత్తుగా పెట్టాం. గది మూలలో పెట్టి, రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, పాత నేత చీర తెరలా వేశాం. ఆ చీర వేయాలన్నది కోడలి ఆలోచన. పెద్దమ్మ దాన్ని పక్కకు జరిపి చూసి, మళ్లీ మూసి, "ఇప్పుడు బాగుండాది" అంది. కుర్చీ వచ్చిన రోజు కంటే తెర వేసిన రోజే ఆ ఇంట్లో ఎక్కువ మార్పు వచ్చిందని నా లెక్క.

మంచం నుంచి కమోడ్‌కి తొమ్మిది అడుగులు. నీళ్లు తాగితే రోజుకు ఆరేడు సార్లు పోవాలి. రానూ పోనూ నూరు అడుగులు దాటతాయి. ప్రతిసారీ మంచం మీద నుంచి లేవడం, కుర్చీలో కూర్చోవడం, మళ్లీ లేవడం. కాళ్ల బలానికి కూర్చుని లేవడం కంటే మంచి వ్యాయామం నాకు తెలియదు. గోడ మీది కాగితం నేనే చించేశాను. పాదం ఆడించడం ఒక్కటి ఉంచాను, అది కూడా కాఫీ తాగేటప్పుడు.

నీళ్ల బాధ్యత పెద్దాయనకు ఇచ్చాను. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఏ పనికీ పిలవలేదు, చూపు లేదు కదా అని వాకిట్లో కూర్చోబెట్టారు. "గంటకో గ్లాసు, మీరే పోసి ఇవ్వాలి, రాత్రికి రెండో చెంబు అయిపోవాలి" అని చెప్పాను. చెంబు ఖాళీ అయిందా లేదా అని ఆయన వేలు ముంచి చూసేవారు. మొదటి రోజు ఆమె కసురుకుంది. నాలుగో రోజుకు ఆయన లేకపోతే నీళ్లు అడిగింది.

లెక్కపెట్టడం ఆమెకు అప్పజెప్పాను. పది వరకు లెక్కపెట్టండి అంటే మధ్యలో ఆగిపోయేది. ఒకరోజు ఒడ్లు కొలిచినట్టు లెక్కపెట్టమన్నాను. మొహం విప్పారింది. ఒకటికి బదులు లాభం అంటూ "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టి, ఆరు దాటాక ఏడు అనకుండా "ఆరున్నొక్కటి" అని, పది దాకా ఒక్క ఊపున పోయింది. కళ్లంలో పడితో కొలిచే గొంతు అది. ఆ రోజు నుంచి వాకర్ పట్టుకుని నిలబడి కాలు పక్కకు ఎత్తడం పదికి పది చేసింది. తుంటి పక్క కండరానికి అదే ముఖ్యం. అది బలహీనంగా ఉంటే నడిచేటప్పుడు నడుము ఒక పక్కకు ఒరిగిపోతుంది.

నొప్పి మాత్ర వేసే సమయం మార్చాను. నొప్పి వచ్చాక వేసుకునే బదులు, డాక్టరుని అడిగి, నడకకు అరగంట ముందు వేయించాను. కొడుకు పెరటి దారిలో ఇనుప పైపు బిగించాడు. ఆ దారిలో రెండు మెట్లు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మాటల్లో చెప్పినంత తేలిక కాదు, వారం పట్టింది. ఆరో వారంలో చేతి కట్టు విప్పారు, చెక్క తీసేసి మామూలు వాకర్. ఎనిమిదో వారంలో కమోడ్ కుర్చీని అడుగున బకెట్ తీసేసి పెరటి మరుగుదొడ్డి మీదికి మార్చాం. ఆ రోజు ఆమె తానే వెళ్లి, తలుపు వేసుకుని, తానే వచ్చింది. కోడలు వంటింట్లో నుంచి తుండుగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొస్తే "నువ్వు పోయి పని చూసుకో" అంది.

నేను కొలిచిన లెక్కలు ఇవి. కుర్చీలో నుంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఆరో వారంలో 41 సెకన్లు, మూడో నెలలో 22, ఐదో నెలలో 15. ఎడమ చేతికర్రతో ఇప్పుడు ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఎముకలు గుల్లబారాయని పరీక్షలో తేలింది, దానికి డాక్టరు ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షను, కాల్షియం, డి విటమిన్ రాశారు. ఇంకో ఎముక విరగకుండా చూసుకోవడం ఈ కాలు నడవడం అంత ముఖ్యం. పడింది బైకు గుద్దడం వల్ల కదా, ఎముక పరీక్ష దేనికి అని చాలా ఇళ్లలో దీన్ని వదిలేస్తారు.

తక్కువ మార్పు వచ్చినవి

మణికట్టు పూర్తిగా తిరగడం లేదు, పాలు పితకలేదు. రోడ్డు మాత్రం దాటలేదు ఇప్పటికీ. గేటు దాకా వచ్చి, బైకు శబ్దం వింటే కర్ర గట్టిగా పట్టుకుని ఆగిపోతుంది. నేను బలవంతం చేయలేదు. ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు పోయే మనిషి, "మళ్లీ ఎక్కగలనా?" అని అడిగింది. ఆ 3,550 మెట్లు ఈ కీలుతో వద్దని సూటిగానే చెప్పాను. 65 దాటిన వాళ్లకు కొండ మీద వేరే దర్శనం ఉంది, బస్సులో పోవచ్చని కొడుకు చెప్పాడు. కాసేపు మాట్లాడలేదు. "బస్సులోనే పోదాంలే" అంది తర్వాత. ఈ నష్టం చిన్నదని నేను ఆమెతో అనలేదు.

కింద కూర్చోవడం, పీట మీద స్నానం, బాసిపట్లు, ఇవి ఎప్పటికీ వద్దని సర్జన్ చెప్పారు. పెళ్లిళ్లలో బంతి భోజనానికి కింద కూర్చోలేకపోవడం ఆమెకు అన్నిటికంటే కష్టంగా ఉందట.

నేను మార్చుకున్నది

ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్తే కాలు ముట్టుకోక ముందు మరుగుదొడ్డి చూపించమంటాను. మంచం నుంచి అక్కడికి ఎన్ని అడుగులు, ఎన్ని గడపలు, తలుపు ఉందా, రాత్రి దీపం ఉందా అని రాసుకుంటాను. అడిగేది పేషెంటు కూతురు, కోడలు ముందు కాదు, విడిగా. ఆడవాళ్లు నాలాంటి మగవాడికి చెప్పరు అనిపిస్తే మా క్లినిక్‌లో ఉన్న సహోద్యోగిని పంపుతాను, ఆమెకు పది నిమిషాల్లో చెప్తారు. మందుల షీట్ల మీద ఆపాల్సిన తేదీ నేనే రాసి ఇస్తాను. కళ్లు తిరుగుతున్నాయంటే, ధైర్యం చెప్పే ముందు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తాను.

చూసుకునే మనిషి గురించి కూడా మొదటి రోజే అడుగుతాను. ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, నడుము నొప్పి ఉందా, వాళ్ల స్థానంలో ఎవరైనా రోజుకు రెండు గంటలు కూర్చుంటారా అని. ఈ కేసులో కోడలి నడుము గురించి నాకు అత్త చెప్పింది. కోడలు ఒక్కసారి కూడా చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె రోజుకు ఏడెనిమిది సార్లు ఒక మనిషి బరువు ఎత్తుతున్న సంగతి మొదటి రోజే నా కళ్ల ముందు ఉంది. పద్ధతి నేర్పాను. కానీ పద్ధతి నేర్చుకునే ముందు వారం రోజులు ఎత్తిన నడుమును చూడలేదు.

ఐదో నెలలో వెళ్లినప్పుడు ఆమెకు కూడా నాలుగు వ్యాయామాలు చూపించాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపడం, ఒక్కో మోకాలు గుండెల దాకా తెచ్చుకోవడం, ఇలాంటివి. పొద్దున్నే పాలు పోసి వచ్చాక, పిల్లలు లేవక ముందు పది నిమిషాలు. "నాకు టైం ఎక్కడిది అన్నా" అంది. పెద్దమ్మ ఎత్తు కుర్చీలో కూర్చుని, కర్ర పక్కన ఆనించి, "పడుకో, నేను చెప్తా ఉంటా" అంది. కోడలు చాప పరిచి పడుకుంది. నడుము లేచింది.

"లాభం," అంది పెద్దమ్మ. "రెండు. మూడు. ఇంగొంచెం లేపు..."